గూట్లో దాగిన నెత్తుటి పురుగు

ప్రశ్న: పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపగోస్ దీవులలో పక్షిపిల్లలను ఒక ఈగ చంపుతోందని విన్నాను. అదెలా సాధ్యం?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చంపేది ఎగిరే ఈగ కాదు, దాని పురుగు. ఫిలోర్నిస్ డౌన్సీ అనే ఈ ఈగ గూళ్లలో పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పురుగులు మొదట పిల్లల ముక్కురంధ్రాలలో చేరి, పెరిగాక పగలు గూటి అడుగున దాగి, రాత్రివేళ పైకి వచ్చి నెత్తురు పీలుస్తాయి. బయటి నుంచి వచ్చిన ఈ ఈగ బెడదను గూళ్లలో 1997లో గుర్తించారు. 1964లో సేకరించిన కీటకాల నమూనాలలోనూ అది ఉందని తరువాత తేలింది. అక్కడి ఇసబెలా దీవిలో వంద దాకా మాత్రమే మిగిలిన మడ ఫించ్ అనే చిన్న పిట్టలకు ఇది పెనుముప్పు. పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన దూదిని అందుబాటులో ఉంచితే ఫించ్‌లు తామే దానిని గూటిలో అల్లుకుంటాయి, పురుగులు చస్తాయి. ఉపాయం ముచ్చటైనదే గాని, దీవులన్నిటా దూది పంచడం అయ్యే పని కాదు కనుక, ఈ కోవ ఈగల ప్యూపాలపై (పురుగు ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ) బతికే ఒక పరాన్న కందిరీగను పరిశోధకులు పరీక్షిస్తున్నారు.