ఒడిశా పర్లాకిమిడిలో రోజ్‌మేరీ బతకడం లేదు, నీళ్ళు పెద్దగా అడగని సువాసన మొక్క ఏదైనా చెప్పండి

రెండుసార్లు తెచ్చిన రోజ్‌మేరీ ఎండకి మాడిపోయిందని రాశారు. ఎండకి కాదండీ, అది నీళ్ళకి పోయింది. పారేసేముందు కుండీ బోర్లించి వేరు చూడండి. బతికున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. మీదాని వేరు గోధుమరంగులో ఉంటుంది, రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు ఊడొచ్చి లోపల దారంలా నార మిగులుతుంది. వేరు కుళ్ళాక నీళ్ళు పైకెక్కవు, ఆకు ఎండుతుంది. అది చూసి ఎండ దెబ్బ అనుకుని ఇంకో చెంబు పోస్తారు. మధ్యధరా తీరపు మొక్క అది, అక్కడ వానలు చలికాలంలో, వేసవంతా పొడి. మనకి ఆషాఢం మొదలు దసరా దాకా గాలే తడి. పట్టుబట్టి పెంచాలంటే సగానికి సగం ఇసుక కలిపిన మట్టికుండీ, వానాకాలమంతా చూరు కింద కాపలా. అంత సేవ ఎందుకు?

వావిలి వెయ్యండి. ఒడియావాళ్ళని నిర్గుండి అని అడిగితే చూపిస్తారు. గెడ్డల (వాగుల) ఒడ్డున, పొలం గట్ల మీద దానంతటది పెరుగుతుంది. దాన్ని వదిలేసి నర్సరీలో డబ్బులు పోయడం ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది. పైగా నల్లవావిలి అనే వేరే మొక్క తెచ్చి అదే ఇది అని అంటగడతారు. గుర్తు సులువు: వావిలికి ఒక కాడకి మూడో అయిదో రెక్కలు చెయ్యి చాపినట్టుంటాయి, ఆకు అడుగున బూడిద రాసినట్టు తెలుపు. నల్లవావిలికి సన్నటి విడి ఆకులు. నలిపి వాసన చూసినా తేడా తెలిసిపోతుంది.

విత్తనం జోలికి పోకండి, కొమ్మ చాలు. ఆరుద్ర కార్తెలో నేల బాగా తడిశాక నిరుటి కొమ్మ కొయ్యండి: పెన్సిలు లావు, జానెడు పొడుగు, నాలుగు కణుపులు. పచ్చటి లేతకొమ్మ కుళ్ళిపోతుంది, బొటనవేలు కన్నా లావుది ఆలస్యంగా వేరు పడుతుంది. కింది కోత కణుపుకి ఆనుకుని ఏటవాలుగా, పై కోత అడ్డంగా ఉంటే నాటేటప్పుడు తలకిందులు కాదు. ఆకులన్నీ దూసెయ్యాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పెంట కలిపి కవర్లు నింపండి. పచ్చిపేడ వేస్తే వేడికి కోత మాడిపోతుంది. పుల్లతో ముందు కన్నం చేసి, అందులో కొమ్మ దింపి, చుట్టూ నొక్కండి. నేరుగా గుచ్చితే బెరడు లేచిపోతుంది. రెండు కణుపులు మట్టిలో, రెండు పైన.

ఎక్కువమంది బోల్తా పడేది దీని తరవాతే. పది పదిహేను రోజులకి చిగురు వస్తుంది. బతికిందని ఎండలోకి మార్చేస్తారు, ఇంకొందరు వేరు వచ్చిందో లేదో అని పీకి చూస్తారు. ఆ చిగురు కొమ్మలో దాగిన సత్తువతో వచ్చిందే, కింద వేరు ఇంకా పడలేదు. నలభై అయిదు రోజులు నీడన కదపకండి. కవరు కన్నాల్లోంచి తెల్ల వేరు తొంగిచూశాకే అడుగున్నర గొయ్యి తీసి, బుట్టెడు పెంట కలిపి నాటండి. నీళ్ళు నిలిచే పల్లం వద్దు. కంచెకైతే అడుగుకొకటి, విడిగా అయితే నాలుగడుగుల ఎడం. పశువులు పెద్దగా ముట్టవు, అందుకే గట్టుకి మంచి కంచె.

నాటిన మొదటి నెల వాన లేకపోతే మూడు నాలుగు రోజులకోసారి తడి, మొదటి వేసవిలో పదిరోజులకో బకెట్టు. రెండో ఏటి నుంచి మరిచిపోండి. మే నెలలో ఆకు రాలిస్తే కంగారుపడి నీళ్ళు గుమ్మరించకండి, గోరుతో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే అది పడుకుంది అంతే.

ఏడాదికోసారి, ఆరుద్రలోనే, మోకాలెత్తుకి నరికెయ్యాలి. జాలిపడి వదిలేస్తే చిన్న చెట్టైపోయి, కింద బోసిపోయి, ఆకు చేతికందదు. నరికిన కొమ్మలే మళ్ళీ నాటడానికి పనికొస్తాయి.

ఆకు పూత రాకముందు, మంచు ఆరాక కోసి, నీడన పల్చగా పరచండి. ఎండలో వేస్తే వాసన పోతుంది, కుప్పగా పోస్తే నల్లబడుతుంది. బాలింత స్నానానికి రెండు గుప్పిళ్ళు పెద్ద బిందెడు నీళ్ళలో మరిగిస్తే చాలు, జలుబుకి ఆవిరి పట్టడానికి గుప్పెడు. లోపలికి తాగడం మాత్రం వైద్యుణ్ణి అడక్కుండా వద్దు, గర్భిణులు అసలే వద్దు. పెసలు, కందుల బస్తాలో పురుగు పట్టకుండా అడుగున ఒక వరస, మధ్యలో ఒక వరస వేస్తారు. అక్కడ వేసే ఆకు నలిపితే గలగలమని పొడి కావాలి. మెత్తగా వంగే ఆకు వేశారంటే నెల తిరిగేసరికి పప్పుకి బూజు పడుతుంది, తప్పు వావిలి మీదికి పోతుంది.