పాఠకుల ప్రశ్నలు: తొలి ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: మాది తెనాలి. ప్రస్తుతం ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో చదువుకుంటున్నాను. ఒకే ఇంట్లో ఉండే మిత్రులతో కలిసి రెండు ఆదివారాలు ఊరి బయట ఉన్న అడవి మైదానంలో, చిన్న ప్లాస్టిక్ గుళికలను విసిరే నకలు తుపాకులతో ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఆడాను. రెండుసార్లూ అద్దె తుపాకీతోనే ఆడాను. ఇప్పుడు సొంత రైఫిల్ కొనుక్కోవాలని 300 పౌండ్లు దాచుకున్నాను. ఒక మిత్రుడు స్నైపర్ రైఫిల్ కొనమంటున్నాడు. మరొకతను గ్యాస్‌తో పనిచేస్తూ, కాల్చినప్పుడల్లా నిజమైన తుపాకీలా భుజాన్ని తన్నే రకం బాగుంటుందంటున్నాడు. దుకాణంవారేమో సగానికి పైగా నీలిరంగు వేసిన తుపాకీ అయితే ఈ రోజే ఇస్తామంటున్నారు. నేను ఏది తీసుకోవాలి?

సమాధానం: ఇంకొక్క ఆట అద్దె తుపాకీతోనే ఆడండి, ఆ తరువాత కొనండి. బ్రిటన్‌లో 2006లో వచ్చిన హింసాత్మక నేరాల నియంత్రణ చట్టం ప్రకారం, నిజమైన తుపాకీని అచ్చంగా పోలి ఉండే నకలును తయారు చేయడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం నేరం. బీమా ఉన్న మైదానాల్లో ఎయిర్‌సాఫ్ట్ ఆడేవారికి మాత్రం 2007లో వచ్చిన నిబంధనలు ఒక మినహాయింపునిచ్చాయి. కొనే వ్యక్తి నిజంగా ఆటగాడేనని దుకాణదారుడు తేల్చుకోవడానికి, ఆ దేశంలోని ఎయిర్‌సాఫ్ట్ దుకాణాల సంఘమైన యుకారా ఒక నమోదు పద్ధతిని నడుపుతోంది. ఒక మైదానంలో కనీసం మూడు ఆటలు, అవి కూడా 56 రోజులకు తగ్గని వ్యవధిలో ఆడినవారిని ఆ మైదానంవారు నమోదు చేయిస్తారు. మీకు రెండు ఆటలు పూర్తయ్యాయి కాబట్టి, మూడోది ఆ 56 రోజులు నిండేలా చూసుకుని ఆడితే నిజమైనదానిలా కనబడే నల్లని రైఫిల్‌ను సక్రమంగా కొనుక్కోవచ్చు.

దుకాణంవారు ఈ రోజే ఇస్తామన్న నీలిరంగు తుపాకీ చట్టవిరుద్ధమైనదేమీ కాదు. ఎక్కువ భాగం ప్రకాశవంతమైన రంగులో ఉన్నదాన్ని పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా కొనవచ్చు. అయితే అలా కొన్నవారిలో చాలామంది నెల తిరగకుండానే నల్లరంగు డబ్బా పట్టుకుంటారు. ఆటగాడిగా మినహాయింపు చూపగల స్థితిలో లేనివారు ఆ రంగును కప్పేస్తే, అది నకలును నిజమైనదానిలా మార్చడం కిందికి వచ్చి నేరమవుతుంది. విద్యార్థి వీసా మీద ఉన్న మీరు ఇంత చిన్న తొందర కోసం అంత పెద్ద చిక్కును కోరి తెచ్చుకోవద్దు.

ఈ విరామంలో మొదట కొనవలసింది రైఫిల్ కాదు, కంటి రక్షణ. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఈ ఆటలో తిరిగి బాగుచేసుకోలేని దెబ్బ తగిలేది కంటికే. బ్రిటన్ మైదానాల్లో చాలాచోట్ల 0.20 గ్రాముల గుళికతో సెకనుకు 350 అడుగుల వేగం దాటకూడదన్న పరిమితి ఉంటుంది. అంటే గొట్టం చివర గుళికకు సుమారు 1.14 జౌళ్ల శక్తి ఉంటుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 166 కింద అమ్మే కళ్లద్దాల మీద, అవి ఎంత దెబ్బను తట్టుకుంటాయో చెప్పే ఎఫ్, బి వంటి ఒక అక్షరం ముద్రించి ఉంటుంది. ఎఫ్ పరీక్షలో 0.86 గ్రాముల ఉక్కు గోళీని సెకనుకు 45 మీటర్ల వేగంతో కొడతారు. లెక్క వేస్తే అది 0.87 జౌళ్లే, అంటే మైదానంలో ఎదురయ్యే గుళిక శక్తి కన్నా తక్కువ. బి పరీక్షలో అదే గోళీ 120 మీటర్ల వేగంతో, అంటే ఆరు జౌళ్లకు పైగా శక్తితో తగులుతుంది. మామూలు కళ్లజోడు ఆకారంలో ఉన్నవాటికి ఆ ప్రమాణంలో ఎఫ్ దాటి గుర్తింపు రాదు. బి గుర్తు ముఖానికి పూర్తిగా అతుక్కునే గాగుల్స్‌కు, ముఖ కవచాలకు మాత్రమే ఇస్తారు. అందువల్ల బి గుర్తున్న గాగుల్స్ తీసుకోండి, ఆవిరి పట్టకుండా రెండు పొరల అద్దమున్నవైతే మరీ మంచిది. ఇంగ్లండ్ చలిలో పరుగెత్తినప్పుడు అద్దానికి ఆవిరి పట్టడం, దాన్ని తుడుచుకోవడానికి ఆట మధ్యలో గాగుల్స్ పైకెత్తడం, ఇలాంటి క్షణంలోనే ప్రమాదం జరుగుతుంది. పళ్లను కాపాడటానికి నోటి మీదుగా వచ్చే జాలీ ముసుగు కూడా కొనండి. పై పన్ను విరిగితే వైద్యానికి అయ్యే ఖర్చు మీ రైఫిల్ ధరను మించిపోవచ్చు.

ఇక రైఫిల్ సంగతి. మీ మిత్రులిద్దరి సలహాలూ మొదటి తుపాకీకి తగినవి కావు. స్నైపర్ రైఫిల్‌తో ప్రతి గుళికకూ చేత్తో బోల్టు లాగాలి. దాని శక్తి ఎక్కువ కాబట్టి, చాలా మైదానాల్లో దగ్గరలో ఉన్నవారిని కాల్చడానికి అనుమతించరు, సుమారు 30 మీటర్ల లోపు ఎవరైనా వస్తే పక్కన మరో పిస్టల్ ఉండవలసిందే. పైగా 300 పౌండ్లలో దొరికే స్నైపర్ రైఫిల్ లోపలి భాగాలను మార్చకుండా చక్కగా గురి తప్పకుండా కొట్టదు, ఆ మార్పులకు మళ్లీ అంత డబ్బు కావాలి. గ్యాస్ రైఫిల్ చేతిలో ఇచ్చే అనుభూతి గొప్పదే, కాదనను. కానీ గ్యాస్ ఒత్తిడి వాతావరణం మీద ఆధారపడుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా కోవెంట్రీ చుట్టుపక్కల అడవుల్లో ఉండే చలికి అది నీరసించిపోతుంది. గుళికలు నింపి తుపాకీకి తగిలించే వాటి మ్యాగజైన్లు బరువు, ఖరీదు, గ్యాస్ కారడం కూడా మామూలే.

మీకు కావలసింది బ్యాటరీతో నడిచే విద్యుత్ రైఫిల్. జపాన్‌కు చెందిన టోక్యో మరూయి సంస్థ 1991లో ఫామాస్ అనే ఫ్రెంచ్ సైనిక రైఫిల్ నమూనాతో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ఒక చిన్న మోటారు పళ్ల చక్రాలను తిప్పుతుంది, అవి స్ప్రింగును వెనక్కి లాగి వదులుతాయి, స్ప్రింగు తోసిన పిస్టన్ గాలిని కుదించి గుళికను ముందుకు నెడుతుంది. చలికి గ్యాస్‌లా చతికిలపడదు, వేగం ప్రతి గుళికకూ దాదాపు ఒకేలా ఉంటుంది. వీటిలో కూడా అమెరికా సైనిక రైఫిల్ ఎం4 ఆకారాన్ని ఎంచుకోమని చెబుతాను. చూడటానికి అన్నిటికన్నా సాదాసీదాగా, అందరి చేతిలోనూ ఉండేదిగా అనిపించవచ్చు, నిజానికి అదే దాని బలం. లోపలి గేర్‌బాక్స్ వెర్షన్ 2 అని పిలిచే సాధారణ రకం కనుక విడిభాగాలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి, బాగుచేయడం తెలిసినవారు ప్రతి మైదానంలో ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఒక కంపెనీ మ్యాగజైన్ మరో కంపెనీ రైఫిల్‌లో చాలావరకు సరిపోతుంది. మధ్యాహ్నానికి మీ గుళికలు అయిపోతే పక్కవారి మ్యాగజైన్ అడిగి పెట్టుకోగలగడం ఎంత ఉపయోగమో ఆడేటప్పుడే తెలుస్తుంది. తైవాన్‌కు చెందిన జి అండ్ జి కంబాట్ మెషిన్ వరుస, పోలండ్ సంస్థ స్పెక్నా ఆర్మ్స్ ప్రాథమిక రకాలు, చైనా సంస్థ సైమా తయారీలు మీ డబ్బులో బ్యాటరీతో, ఛార్జరుతో సహా దొరికేవే. వాటిలో ఏదో ఒకటి తీసుకోండి. వాటి మధ్య తేడాల గురించి రాత్రులు మేల్కొని ఆలోచించవలసినంత భేదం లేదు.

భేదం వచ్చేది మీ శరీరాన్ని, మైదానాన్ని బట్టి. మూడో ఆటలో అద్దె తుపాకీ పట్టుకున్నప్పుడు ఒక పని చేయండి: సాయంత్రం నాలుగింటికి మీ ఎడమ భుజం ఎలా ఉందో గమనించండి. పూర్తిగా లోహంతో చేసిన రైఫిల్ దుకాణంలో ఐదు నిమిషాలు పట్టుకుంటే దర్జాగా ఉంటుంది, రోజంతా బురదలో మోస్తే భారమవుతుంది. కంపోజిట్ అనే గట్టి ప్లాస్టిక్ పదార్థంతో చేసినది మొదటి ఏడాదికి చాలు. మీరు ఆడేది అడవిలోనైతే గొట్టం కాస్త పొడవుగా ఉన్నా ఫరవాలేదు. పాత గిడ్డంగుల్లో, గదుల మధ్య ఆడేవారైతే పొట్టిది తీసుకోవాలి, లేకపోతే ప్రతి తలుపు దగ్గరా గొట్టం మీకంటే ముందు కనబడుతుంది.

పాతది కొంటే చవకే కదా అని మీకు అనిపించవచ్చు. నా మొదటి రైఫిల్ అలా కొన్నదే. ఒక వ్యక్తి దగ్గర, చూడముచ్చటైన దుర్భిణీ బిగించి ఉన్నదాన్ని సగం ధరకు కొన్నాను. మొదటి ఆట ఉదయం క్రోనో దగ్గర, అంటే గుళిక వేగాన్ని కొలిచే యంత్రం దగ్గర, అది సెకనుకు 370 అడుగులు చూపింది. చట్టం నిర్దేశించిన హద్దు లోపలే ఉన్నా మైదానం హద్దు దాటినందున, ఆటను పర్యవేక్షించే మార్షల్ దానికి ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టారు. ఆ రోజంతా బల్ల మీద కూర్చుని ఇతరుల ఆట చూశాను, స్ప్రింగు మార్పించడానికి తరువాత మరో రెండు వారాలు పట్టింది. పాతది కొనాలనుకుంటే మైదానంలోనే కొనండి, మీ ఎదుట క్రోనో మీద పది గుళికలు కాల్పించి చూడండి.

మిగిలిన డబ్బుతో శబ్దం చేయని 120 గుళికల మ్యాగజైన్లు నాలుగు కొనండి. రైఫిల్‌తో వచ్చేది సాధారణంగా చక్రం తిప్పే 300 గుళికల రకం, అది నడుస్తుంటే గిలక్కాయలా మోగుతుంది. బ్యాటరీ 7.4 వోల్టుల లిథియం పాలిమర్ రకం చాలు. దాన్ని ఎవరూ లేని గదిలో ఛార్జింగ్‌కు పెట్టవద్దు, సెల్లుకు 3 వోల్టుల కంటే కిందికి దిగనివ్వవద్దు, వారాల తరబడి వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. విద్యార్థి వసతి గృహంలో ఉంటున్నట్లయితే కొనేముందే అద్దె ఒప్పందం చదవండి. నకలు ఆయుధాలను ఒప్పుకోని వసతి గృహాలు ఉన్నాయి.

ప్రశ్న: నా విద్యుత్ రైఫిల్ కొని మూడు నెలలైంది. ఎదుటివారి గుళికలు నా దాకా వస్తున్నాయి కాని, నావి వారి దాకా వెళ్లడం లేదు. గట్టి స్ప్రింగు వేయిస్తే సరిపోతుందా? – హైదరాబాద్ నుంచి వచ్చి లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న పాఠకుడు

సమాధానం: స్ప్రింగు జోలికి వెళ్లవద్దు. ఎయిర్‌సాఫ్ట్‌లో దూరాన్ని ఇచ్చేది బలం కంటే ఎక్కువగా గుళిక తిరుగుడు. గొట్టం మొదట్లో హాప్-అప్ అనే చిన్న రబ్బరు గుళిక పైభాగాన్ని ఒరుసుకుని దాన్ని వెనక్కి తిరిగేలా చేస్తుంది, ఆ తిరుగుడు గుళికను గాలిలో పైకి ఆదుకుంటుంది. క్రికెట్‌లో స్పిన్నర్ వేసిన బంతి గాలిలోనే పక్కకు జారడానికి కారణమైన మాగ్నస్ ప్రభావమే ఇదీను. మీరు 0.20 గ్రాముల గుళికలు వాడుతుంటే మానేసి 0.28 గ్రాములవి తీసుకోండి. అదే 1.14 జౌళ్ల శక్తితో దాని వేగం సెకనుకు 296 అడుగులకు తగ్గుతుంది, కానీ బరువైనది గాలిలో తన వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది, ఆకులకు, గాలికి దారి తప్పడం తగ్గుతుంది. తరువాత హాప్-అప్ చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, గుళిక పైకి లేచిపోకుండా, ముందే వాలిపోకుండా తిన్నగా పోయే చోట ఆపండి. ఆ రబ్బరు మీద నూనె పడితే పట్టు పోతుంది కాబట్టి కొత్త రైఫిల్ గొట్టాన్ని ముందుగా పొడిగుడ్డతో శుభ్రం చేయండి. మీ ఇబ్బందికి అసలు కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

గట్టి స్ప్రింగు వల్ల మరో ప్రమాదం ఉంది. 2017 నాటి చట్టం ప్రకారం, ఎడతెగకుండా కాల్చగల ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ శక్తి 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా కాల్చేదైతే 2.5 జౌళ్లు దాటకూడదు. ఆ హద్దు దాటితే ఎయిర్‌సాఫ్ట్‌కు ఉన్న మినహాయింపు పోయి, మీ ఆటవస్తువును ఆయుధంగా పరిగణించే స్థితి వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో చదువుతున్నాడు. వీడియో కాల్‌లో గోడకు ఆనించిన తుపాకీ కనబడితే నా గుండె ఆగినంత పనైంది. ఆడుకునేదేనమ్మా అంటున్నాడు. నమ్మవచ్చా? – ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ భయం అర్థం చేసుకోదగినదే. అది చిన్న ప్లాస్టిక్ గుళికలను విసిరే ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ అయితే, దాన్ని సక్రమంగా కొని మైదానంలో ఆడటం అక్కడ నేరం కాదు. గుళిక చర్మానికి తగిలితే చురుక్కుమంటుంది, ఎర్రగా కందుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఈ ఆటలో దెబ్బ తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి ‘తగిలింది’ అని ఒప్పుకుని పక్కకు వెళ్లాలి, ఎవరూ గుర్తు చూసి నిర్ణయించరు. నిజాయితీ మీద నడిచే ఆట కనుక నాకు దీనిపై అంత మమకారం.

కానీ రెండు సంగతులు మీ అబ్బాయిని అడగండి. మొదటిది, ఆ తుపాకీ ఇంటి నుంచి మైదానానికి ఎలా వెళుతోంది అని. సరైన కారణం లేకుండా నకలు తుపాకీని బహిరంగ ప్రదేశంలో పట్టుకుని తిరగడం అక్కడ నేరం. దూరం నుంచి చూసినవారికి అది నిజమైనదో కాదో తెలియదు, వారు పిలిస్తే వచ్చే పోలీసులకూ తెలియదు. అది మూసిన సంచిలో, బ్యాటరీ, మ్యాగజైన్ తీసేసి, నేరుగా మైదానానికి వెళ్లి నేరుగా ఇంటికి రావాలి. కిటికీలోంచి కనబడేలా గోడకు ఆనించి కూడా పెట్టకూడదు. సెలవులకు వచ్చేటప్పుడు దాన్ని సామానులో పెట్టుకుని తీసుకురావద్దని కూడా చెప్పండి. రెండోది, అతని గాగుల్స్ మీద ఏ అక్షరం ఉందో చదివి చెప్పమనండి. బి అని చెబితే సరే. ఎఫ్ అన్నా, ఏమీ లేదన్నా, వచ్చే ఆదివారం లోపు కొత్తవి కొనుక్కోమనండి.