పేరిణికి సర్కస్ విన్యాసం కలపవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో కాకతీయుల కాలపు వీరనాట్యమైన పేరిణి నేర్చుకున్న యువకులం. వేలాడే గుడ్డపై చేసే సర్కస్ విన్యాసాలను నాట్యంతో కలిపి గంటసేపటి ప్రదర్శన రూపొందించాలనుకుంటున్నాం. సాధన ఎలా సాగించాలి?

జవాబు: తప్పక పూనుకోండి. 1970ల నుంచి ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న నవీన సర్కస్ జంతువులను పక్కనపెట్టి మనిషి దేహంతోనే కథ చెప్పే దారి పట్టింది. రామప్ప గుడి శిల్పాల ఆధారంగా నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పునరుద్ధరించిన పేరిణికీ దేహబలమే పునాది కనుక, ఈ కలయిక నాకెంతో సహజంగా తోస్తోంది. అసలు కష్టం గుడ్డ దిగిన మరుక్షణం మొదలవుతుంది: ముంజేతులు బిగుసుకుపోయి, ఊపిరి ఎగసిపడుతుండగా వేళ్లలో ముద్ర నిలవదు. అందుకే ప్రతి భారీ ఘట్టం వెంట నెమ్మదైన ఘట్టాన్ని అమర్చి, మొత్తం ప్రదర్శనను ఆగకుండా సాధన చేయండి. కొత్త విన్యాసాలను మాత్రం అలసిన ఒంటితో ప్రయత్నించవద్దు. కొక్కెం బిగించే దూలాన్ని ఇంజనీరుతో పరీక్ష చేయించండి; పైనుంచి ఒక్కసారిగా జారి ఆగినప్పుడు దానిపై మనిషి బరువుకు కొన్ని రెట్ల భారం పడుతుంది. కింద మందపాటి పరుపు లేనిదే సాధనలో ఎవరినీ ఎక్కనివ్వకండి.