పుట్టుకతోనే సన్నం... లావు కావడానికి మాత్రలు వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 25. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 45 కిలోలు. చిన్నప్పటి నుంచీ ఇంతే. మా నాన్న, మేనత్తలు కూడా సన్నమే. నెలసరి సరిగ్గానే వస్తుంది. పొద్దున టీ తాగి ఆఫీసుకు వెళ్లిపోతాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్లు 'అమ్మాయి మరీ పుల్లలా ఉంది' అంటున్నారు. ఛాతీ కూడా చిన్నది. అద్దంలో చూసుకుంటే నాకే ఆడపిల్లలా అనిపించడం లేదు. ఒళ్లు చేస్తుందని తెలిసినవాళ్లు ఒక పొడి, మాత్రలు ఇచ్చారు. ఇంకా మొదలుపెట్టలేదు. వాడొచ్చా? పెళ్లయ్యాక పిల్లలు పుట్టడానికి ఇబ్బంది ఉంటుందా?
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇంకా మొదలుపెట్టలేదన్నారు, మంచి పని చేశారమ్మా. వాటిని ముట్టుకోకండి. లేబుల్ లేకుండా పొట్లం కట్టి ఇచ్చే ఇలాంటి మందుల్లో తరచూ బయటపడేవి రెండు. ఒకటి సైప్రోహెప్టడిన్. అది అసలు ఎలర్జీ మందు. ఆకలి పెంచుతుంది, దాంతోపాటు రోజంతా మగతగా ఉంచుతుంది. రెండోది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్. నాకు భయం దీనితోనే. కొన్ని వారాల్లో బుగ్గలు నిండుతాయి, చూసినవాళ్లంతా 'ఒళ్లు చేశావే' అని మెచ్చుకుంటారు. వచ్చింది నీరు, కొవ్వు. కండ మాత్రం కరుగుతుంది, అందుకే మొహం ఉబ్బినా చేతులూ కాళ్లూ ఇంకా సన్నబడతాయి. షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, నెలసరి గతి తప్పుతుంది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పటికే వారాల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లం తీసుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీ ఉత్తరం చదువుతుంటే నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి గుర్తొచ్చింది. మే నెల ఎండల్లో మణికట్టు దాకా చేతులున్న కుర్తా వేసుకుని వచ్చింది. బరువు చూద్దామంటే, మెషీన్ ఎక్కేముందు బాటిల్ నీళ్లు గటగటా తాగేసింది. బీపీ చూడటానికి కుర్తా చేయి పైకి మడవమంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దవాళ్లకు కట్టే పట్టీ ఆ చేతికి వదులైతే చిన్నది తెప్పించి కట్టాను. పరీక్షలన్నీ చేయిస్తే థైరాయిడ్ బాగుంది, షుగర్ లేదు, రక్తం సరిపడా ఉంది. ఒంట్లో ఏ జబ్బూ లేని పిల్ల, నలుగురి మాటలకు తన చేతుల్ని తనే దాచుకుంటోంది. అది చూసి నాకు చాలా బాధేసింది.

ఇక మీ సంగతి. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) దాదాపు 17.6. ఉండాల్సింది కనీసం 18.5. మీ ఎత్తుకు అది సుమారు 47న్నర కిలోలు. అంటే మీకు తక్కువైంది రెండున్నర, మూడు కిలోలు. పెళ్లిచూపులకు వచ్చేవాళ్ల కోసం అవసరం లేదు గానీ మీ ఎముకల కోసం, రేపు కడుపులో పెరిగే బిడ్డ కోసం ఆ మూడు కిలోలు పెరగమని నేనూ చెబుతాను. ఎముకకు గట్టిదనం చేరేది దాదాపు 30 ఏళ్లలోపే. సన్నగా ఉండే ఆడవాళ్లకు పెద్ద వయసులో ఎముకలు విరిగే ముప్పు ఎక్కువ.

చిన్నప్పటి నుంచీ ఒకే తీరుగా ఉండటం, నాన్నగారి వైపు అందరూ సన్నమే కావడం, నెలసరి క్రమంగా రావడం చూస్తే మీ ఒంటి తీరే అది అనిపిస్తోంది. అయినా ఒకసారి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ పరీక్షలు చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ముందు దాని సంగతి చూడాలి. మొహం పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది చాలాసార్లు రక్తం తక్కువై. జనం దాన్ని సన్నదనం ఖాతాలో వేసేస్తారు. ఉన్న బరువు కారణం లేకుండా తగ్గుతున్నా, రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నా, నెలసరి మూడు నెలలు ఆగినా ఆలస్యం చేయొద్దు. తిండి చూస్తేనే భయం వేసినా, తిన్నది కక్కేయాలనిపించినా మొహమాటపడకుండా డాక్టర్‌కు చెప్పండి, దానికీ వైద్యం ఉంది.

ఆడపిల్లలా అనిపించడం లేదన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. నెలనెలా క్రమంగా నెలసరి వస్తోందంటే మీ అండాశయాలు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వాటి పని అవి చేస్తున్నట్టే లెక్క. ఛాతీ పరిమాణం ఎక్కువగా వంశాన్ని, అక్కడ చేరే కొవ్వును బట్టి ఉంటుంది. మీ బరువు పెరిగితే అదీ కొంచెం మారొచ్చు. క్రీములు, మసాజ్ నూనెలు పెంచలేవు, డబ్బు దండగ. బిడ్డకు పాలు పట్టడానికి చిన్న ఛాతీ అడ్డం కాదు. పాలు తయారుచేసే గ్రంథులు వేరు, పరిమాణాన్నిచ్చే కొవ్వు వేరు.

పొద్దున టీతో సరిపెట్టడమే మీ దగ్గర మొదట మార్చాల్సింది. రెండు ఇడ్లీలైనా సరే, పల్లీ చట్నీతో, నెయ్యి వేసిన కారప్పొడితో తినే వెళ్లండి. పెసరట్టయితే ఇంకా మంచిది. ఇప్పుడు తినేదానికి తోడు రోజూ రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన వేరుశనగలు, గ్లాసు పాలు చేర్చితే సుమారు 400 క్యాలరీలు అదనంగా అందుతాయి. నెలకు కిలో, కిలోన్నర పెరగడానికి అది చాలు. గుడ్డు తినకపోతే సున్నుండలు చేయించుకోండి. మినప్పప్పు, బెల్లం, నెయ్యి కలిసిన ఆ ఉండ ముందు డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడుల అవసరమే ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వుండలు అందుకే. టీ మాత్రం భోజనానికి గంట ఎడంగా తాగండి, లేకపోతే తిన్న ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

తిండి ఒక్కటే పెంచితే కొవ్వు పొట్ట దగ్గరే చేరొచ్చు. భుజాలకు, పిరుదులకు, తొడలకు నిండుదనం తెచ్చేది కండ. వారానికి మూడు రోజులు, పాతిక నిమిషాలు చాలు. బడిలో తీసిన గుంజీలే మంచి వ్యాయామం, వీపు నిటారుగా పెట్టి నెమ్మదిగా తీయండి. గోడకు చేతులానించి పుషప్స్ చేయండి, లీటర్ బాటిళ్లు రెండింటిలో నీళ్లు నింపి ఎత్తండి. రెండు మూడు నెలల్లో నడకలోనే తేడా కనిపిస్తుంది. బట్టలూ మీ కొలతకు కుట్టించుకోండి. ఒళ్లు కనబడకూడదని వదులువి వేసుకుంటే ఇంకా బక్కగా కనిపిస్తారు. గంజి పెట్టిన మంగళగిరి చీర సన్నటివాళ్లకే అందం, ఇది డాక్టర్‌గా కాదు, ఆ చీరలంటే ఇష్టమున్న మనిషిగా చెబుతున్నాను.

పిల్లల విషయంలో ఇప్పటి నుంచే టెన్షన్ పడాల్సిన పని లేదు. నెలసరి క్రమంగా ఉంటే సన్నదనం ఒక్కదానివల్లే గర్భం రాకపోవడం అరుదు. కాకపోతే తల్లి బరువు బాగా తక్కువుంటే బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకముందే పుట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే ఆ మూడు కిలోలు ముందే పెరిగి ఉండండి. పెళ్లయ్యి పిల్లల కోసం అనుకున్నప్పుడు, కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి.