మూత విప్పకు అల్లుడూ

అల్లుడూ,

శ్రీకాకుళంలో షాపు తెరిచావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. బోర్డు మీద హార్డ్ డిస్క్ డేటా రికవరీ అని కూడా రాయించావట. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉండి ఇది రాస్తున్నా.

కస్టమర్ డిస్క్ మూత షాపులో ఎప్పుడూ విప్పకు. దుమ్ము పడుతుందని అందరూ చెప్తారు, అది నిజమే, కానీ సగం మాటే. డిస్క్ లోపలున్న గాలి కూడా మోటార్ లాగే ఒక పార్టు. మూడున్నర అంగుళాల డ్రైవ్‌లో డేటా ఉండే పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, గాలిని కూడా తనతో ఈడ్చుకుపోతుంది, ఆ గాలి పొర మీదే డేటా చదివే, రాసే హెడ్ తేలుతుంది. హెడ్‌కీ పళ్లేనికీ మధ్య ఎడం కొద్ది నానోమీటర్లే. తల వెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దాకా ఉంటుంది, ఇక నువ్వే లెక్కేసుకో.

రణస్థలం దగ్గర హైవే మీద లారీ దూసుకుపోతే పక్కనున్న నీ బండి ఊగుతుంది చూడు, డిస్క్‌లోనూ అదే గొడవ. హెడ్‌ను మోసే ఆర్మ్ గాలికి అడ్డంగా ఉంటుంది, దాన్ని దాటిన గాలి వెనక సుడులు తిరిగి ఆర్మ్‌నీ పళ్లేన్నీ వణికిస్తుంది, హెడ్ తన ట్రాక్, అంటే డేటా రాసి ఉన్న సన్నటి వలయం, తప్పుతుంది. అందుకే డబ్బా గోడ పళ్లెం అంచుకు అంత దగ్గరగా, గుండ్రంగా చేస్తారు, కొన్ని మోడళ్లలో పళ్లేల మధ్య పల్చటి రేకులు కూడా పెడతారు. మూత తీసి తిప్పావంటే పైపళ్లెం మీద గాలి దారే మారిపోతుంది.

పాడైన డిస్క్ ఒకటి విప్పి చూడు. ఓ మూల చిన్న తెల్లటి దిండు లాంటి ఫిల్టర్ ఉంటుంది. కళ్లంలో తూర్పారబడితే గాలి పొట్టును పక్కకు తీసుకుపోయినట్టు, లోపల తిరిగే గాలి రాలిన నలుసుల్ని దాంట్లోకి తోస్తుంది. బాగా వాడిన డిస్క్‌లో అది బూడిదరంగుకి తిరగడం నేను చూశాను. గంటస్తంభం దగ్గర పని చేసే రోజుల్లో ఒక ఫోటోగ్రాఫర్ డిస్క్ మూత తీసి, ఒక్కసారి తిప్పి చూద్దామని కరెంటిచ్చాను. పళ్లెం మీద వెంటనే గీత పడింది. ఆయన చెల్లెలి పెళ్లి ఫోటోలు పోయాయి, ఆయన ముఖం ఇప్పటికీ గుర్తే.

మూత మీదో అడుగునో చిన్న రంధ్రం ఉంటుంది, మూయొద్దని పక్కనే రాసి ఉంటుంది. లోపలి, బయటి ఒత్తిడి సమానం కావడానికి అది, లోపలివైపు దానికీ ఫిల్టర్ ఉంటుంది. దాని మీద నీ షాపు స్టిక్కర్ అంటించకు. నీళ్లు దూరేదీ ఆ దారినే. 2018లో తిత్లీ తుపాను పలాస వైపు ఎంత నష్టం చేసిందో నువ్వు చూశావు, అలా తడిసిన డిస్క్ వస్తే ఆరబెట్టి కరెంటివ్వకు, క్లీన్‌రూమ్, అంటే దుమ్ము లేకుండా గాలిని వడకట్టే గది, ఉన్నవాళ్లకే పంపించు. ఏసీ గది నుంచి మన ఉక్కలోకి తెచ్చిన డిస్క్‌నైనా కాసేపు ఆగాకే ఆన్ చెయ్యి.

పెద్ద కెపాసిటీ డ్రైవ్‌ల్లో గాలికి బదులు హీలియం ఉండేవి వస్తాయి. మొదటిది 2013లో వచ్చింది, 6 టీబీ, ఏడు పళ్లేలు. హీలియం సాంద్రత గాలిలో ఏడో వంతు, అందుకే ఈడ్పూ సుడుల తాకిడీ తగ్గి అన్ని పళ్లేలు పట్టాయి. అవి పూర్తిగా సీలు చేసి ఉంటాయి, వాటి జోలికే వెళ్లకు.

బయటి గాలి సంగతి తేలికే. సీసీటీవీ వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టెను చెక్క అరలో బిగించమని ఎవరైనా అడిగితే వెనక ఖాళీ వదలమను, క్యాబినెట్ ఫ్యాన్ గరగరమంటుంటే మార్చెయ్, ఆ వణుకు డిస్క్ దాకా పోతుంది.

పాడైన డిస్కులు మూడు నీ కోసం పక్కన పెట్టాను. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు, టార్క్స్ స్క్రూడ్రైవర్ కూడా ఇస్తాను.

మీ మావయ్య