సర్వర్లు చూసుకునే మేనల్లుడికి

అల్లుడూ, ఆశీస్సులు.

శ్రీకాకుళంలో ఆసుపత్రి సర్వర్లన్నీ నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. సెక్యూరిటీ ప్రకటనలో 'డినయల్ ఆఫ్ సర్వీస్' (డేటా దొంగిలించకుండా, సర్వర్ పనిచెయ్యకుండా చేసే దాడి) అని కనబడితే, "డేటా ఏమీ పోదులే, తర్వాత చూద్దాం" అని చాలామంది పక్కన పడేస్తారు. నువ్వు అలా చెయ్యకు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసిన రోజులు నీకు గుర్తే కదా. అలాంటి రోజున రోగి వివరాలు తెరుచుకోకపోతే, లోపల ఎంత భద్రంగా ఉన్నా ఎవరికి పనికొస్తాయి?

2019 జూన్‌లో బయటపడ్డ 'శాక్ పానిక్' అనే లోపం గురించి నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. శాక్ అంటే, నెట్‌వర్క్‌లో డేటా పంపే టీసీపీలో ఏ ప్యాకెట్లు అందాయో పంపినవాడికి చెప్పే పద్ధతి; ఈ దాడి దాని ద్వారానే జరుగుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసే జొనాథన్ లూనీ ఈ లోపాన్ని కనిపెట్టాడు. లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆ సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రాంలో, 2.6.29 వెర్షన్ నుంచీ ఉన్న లోపం అది. ట్రాఫిక్‌తో ముంచెత్తే దాడి కాదు. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. దాడి చేసేవాడు కనెక్షన్ పెట్టుకుని, ప్యాకెట్ సైజు 48 బైట్లకు మించొద్దని అడుగుతాడు. అందులో ఆప్షన్లకే 40 పోతే అసలు డేటాకు మిగిలేది 8. కెర్నల్ పంపాల్సిన డేటాను దాచే ఒక బఫర్‌లో 17 ముక్కలు, ముక్కకు 32 కేబీ దాకా పెట్టగలదు. దాన్ని ఎనిమిదేసి బైట్లుగా కోస్తే 69,632 సెగ్మెంట్లు, అంటే విడివిడిగా పంపే చిన్న తునకలు. వాటిని లెక్కపెట్టే 16 బిట్ల అంకె 65,535 దాటలేదు. పాత స్కూటర్ మీటరులా తిరిగి మొదటికొచ్చి 4,096 చూపిస్తుంది. లెక్క పొంతన కుదరక కెర్నల్ తనంతట తానే ఆగిపోతుంది. నువ్వూ ఒకసారి కాగితం మీద వేసి చూడు, బుర్రలో నాటుకుంటుంది.

ఇలాంటిదానికి అసలు మందు కొత్త కెర్నలే. అయితే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఎక్కించి రీబూట్ చెయ్యకపోతే పాతదే నడుస్తుంటుంది. 'యునేమ్' కమాండ్‌తో ఏ వెర్షన్ నడుస్తోందో నీ కళ్లతో చూసుకో. వెంటనే రీబూట్‌కి ఒప్పుకోకపోతే, టీసీపీ శాక్ సెట్టింగ్‌ను సున్నా చేసి ఆపు. ప్యాకెట్లు దారిలో తప్పిపోయే లైన్ల మీద వేగం తగ్గుతుంది, తగ్గనీ. ఆ మార్పును సిస్‌కంట్రోల్ (కెర్నల్ సెట్టింగులు రాసే) ఫైల్లో కూడా రాసిపెట్టు, లేదంటే రీబూట్‌తో పోతుంది.

కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ ఇలా కూలినప్పుడు మెషిన్ ఏం చెయ్యాలో చెప్పే సెట్టింగ్ కూడా చూడు. సున్నా ఉంటే మెషిన్ కూలిన చోటే బిగుసుకుపోతుంది, అర్ధరాత్రి నువ్వు ఆమదాలవలస నుంచి పరిగెత్తాలి. 10 పెడితే పది సెకన్లకు అదే లేస్తుంది. దాడి చేసేవాడు మళ్లీ పడగొట్టగలడనుకో, అందుకని దీన్ని ప్యాచ్‌కి బదులు అనుకోకు. కూలిన క్షణంలో మెమరీని దాచిపెట్టే కెడంప్ కూడా పెట్టుకుంటే ఎందుకు కూలిందో తర్వాత చూసుకోవచ్చు.

రీబూట్‌కి ఓపీ రద్దీ తగ్గాక టైమ్ అడుగు. సూపరింటెండెంట్‌కీ, డ్యూటీ నర్సులకీ ముందురోజే చెప్పు, ఆ కాసేపటికి చీటీలు చేత్తో రాసుకుంటారు. సర్వర్ లేచాక నీ స్క్రీన్ చూసి సరిపెట్టుకోకు. ఓపీ కౌంటర్ దగ్గరికెళ్లి, ఒక చీటీ ప్రింటై వచ్చేదాకా అక్కడే ఉండు. ఏమైనా తేడా వస్తే ఏ వేళైనా ఫోన్ చెయ్యి.

మీ మావయ్య,
విజయనగరం