డొనాల్డ్ లూ ఎవరు? ఇమ్రాన్ ఖాన్ ప్రభుత్వాన్ని పడగొట్టింది ఆయనేనా?

ఒంగోలులో గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడు ఈ ప్రశ్న అడిగాడు. కోచింగ్ సెంటర్ పక్క టీ బంకు దగ్గర అందరూ "అమెరికానే దించేసింది" అంటున్నారట.

లూ అమెరికా విదేశాంగ శాఖలో కింది నుంచి ఎదిగిన అధికారి. మొదట్లో పెషావర్‌లో, తర్వాత ఢిల్లీలో పనిచేశారు. అల్బేనియా, కిర్గిజ్‌స్థాన్‌లలో రాయబారిగా ఉండి, 2021లో దక్షిణ, మధ్య ఆసియా వ్యవహారాల అసిస్టెంట్ సెక్రటరీ అయ్యారు.

గొడవంతా 2022 మార్చి 7న పాక్ రాయబారి అసద్ మజీద్ ఖాన్‌తో ఆయన జరిపిన భేటీ గురించే. ఆ మాటల్ని రాయబారి రహస్య సందేశంగా ఇస్లామాబాద్‌కు పంపారు. మార్చి 27న బహిరంగ సభలో ఇమ్రాన్ జేబులోంచి ఒక కాగితం తీసి, జనం ముందు ఊపుతూ విదేశీ కుట్రకు ఇదే సాక్ష్యమన్నారు. ఏప్రిల్ 10న అవిశ్వాస తీర్మానంలో పదవి పోయింది. ఆ ఆరోపణ పచ్చి అబద్ధమని 2024 మార్చిలో లూ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పారు.

ఇక్కడ జోక్యం వేరు, కుట్ర వేరు. పాక్ జాతీయ భద్రతా కమిటీ ఆ రహస్య సందేశంలోని భాషను జోక్యమని ఖండించి నిరసన తెలపాలని నిర్ణయించింది. ప్రభుత్వం మారాక అదే కమిటీ కుట్ర లేదని తేల్చింది. నా మటుకు, మిత్రపక్షాలు చేజారడం, సైన్యంతో చెడటమే ఇమ్రాన్‌ను ఎక్కువగా దెబ్బతీశాయి.

పరీక్షకైతే 1961 వియన్నా ఒప్పందం చదువుకో తమ్ముడూ: రాయబారులు ఆతిథ్య దేశ అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చకూడదని 41వ అధికరణ చెబుతుంది, కారణం చెప్పకుండానే వాళ్లను వెనక్కి పంపే హక్కు 9వ అధికరణ ఇస్తుంది.